వంద రూపాయల బాండు పేపరు మీద విడాకులు, పన్నెండు లక్షల బీమా: ఒక కేస్ స్టడీ

మహబూబ్‌నగర్ కోర్టులో సివిల్ కేసులు చూసే నా దగ్గరికి బీమా గొడవలు తరచూ వస్తాయి. చాలావరకు ఒక నోటీసుతోనో రెండు వాయిదాలతోనో తేలిపోతాయి. ఇది తేలలేదు. పదమూడు నెలలు పట్టింది, అందులో మొదటి కొన్ని వారాలు నా పొరపాట్లకే పోయాయి. అందుకే రాస్తున్నాను. ఊరు, కులం, బీమా సంస్థ పేరు తీసేశాను. వయసులు, అంకెలు కొంచెం అటూ ఇటూ జరిపాను కానీ లెక్క చెడకుండా చూశాను.

నేపథ్యం

చనిపోయినాయనకు 51 ఏళ్లు. ఉమ్మడి పాలమూరు జిల్లాలో రెండున్నర ఎకరాల రైతు. వానాకాలం పత్తి పెట్టి, మిగతా రోజులు హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేయించేవాడు. మొదటి భార్య జబ్బు చేసి చనిపోయింది. ఆమెకు ఒక బిడ్డ, ఒక కొడుకు. 2015లో రెండో పెళ్లి చేసుకున్నాడు. మరుసటేడు పది లక్షల జీవిత బీమా పాలసీ తీసుకుని, నామినీగా రెండో భార్య పేరు రాయించాడు. అప్పటికి పిల్లలు చిన్నవాళ్లు, ఇంట్లో పెద్దది ఆమే, అందులో వింతేమీ లేదు.

ఆమెకు పిల్లలు పుట్టలేదు. మనస్పర్థలు ముదిరి ఆమె తల్లిగారింటికి వెళ్లిపోయింది. 2021లో పెద్దమనుషులు కూర్చుని పంచాయితీ చేశారు. ఆయన రెండున్నర లక్షలు ఇచ్చాడు, ఆమె నాలుగు తులాల బంగారం ఆమెకు వాపసు చేశాడు. కాగితం రాసుకున్నారు. 2023లో పనిచేసే చోటనే గుండెపోటు వచ్చి పోయాడు. నామినీ పేరు అలాగే ఉంది.

వెనక మిగిలింది 23 ఏళ్ల కూతురు, ఇంటర్ చదివే 16 ఏళ్ల కొడుకు, డెబ్బై దాటిన తల్లి.

వచ్చిన సమస్య

దినాలు అయిన మూడో రోజు కూతురు మా ఆఫీసుకు వచ్చింది. ఒక ప్రైవేటు ల్యాబ్‌లో పనిచేస్తుంది, మాట స్పష్టంగా ఉంటుంది. పాలసీ చేయించిన ఏజెంటు ఫోన్ చేసి, చిన్నమ్మ అప్పుడే క్లెయిమ్ కాగితాలు పెట్టేసిందని చెప్పాడట.

"సార్, రెండేండ్ల సంది ప్రీమియం నా ఫోన్‌ల నుంచి నేనే కడుతున్న. విడాకులు అయిపోయినయి. గిప్పుడు పైసలు ఆమెకెట్ల పోతయి?"

ఫోన్‌లో కట్టిన రసీదులన్నీ ఒక్కొక్కటిగా చూపించింది. ప్రీమియం ఎవరు కట్టారన్నది పాలసీ సొమ్ము మీద హక్కును తేల్చదని అప్పుడే చెప్పాను. చెప్పినప్పుడు ఆమె ముఖం చూస్తే చెప్పకుండా ఉంటే బాగుండేదనిపించింది కానీ, రసీదుల మీద ఆశ పెట్టుకుని నడిచే కేసులు చివర్లో ఇంకా ఎక్కువ నొప్పి పెడతాయి.

మొదటి అడుగు: ముందు సొమ్ము ఆగాలి

హక్కు ఎవరిదన్న చర్చ నెలలు పట్టొచ్చు. చెల్లింపు మాత్రం వారాల్లో అయిపోతుంది. బీమా చట్టం 1938లోని 39వ సెక్షన్ ప్రకారం, నామినేషన్ మార్చినట్టు లిఖితపూర్వకంగా తెలియజేయకపోతే, సదుద్దేశంతో రికార్డులో ఉన్న నామినీకి డబ్బు ఇచ్చేసిన సంస్థకు ఇక బాధ్యత ఉండదు. ఆ తర్వాత మనం పడాల్సింది సంస్థ మీద కాదు, డబ్బు తీసుకున్న మనిషి మీద. ఆ మనిషి చేతిలో అప్పటికి డబ్బు మిగిలి ఉంటుందా అన్నది వేరే సంగతి. మా వాళ్లు నామినేషన్ మార్చలేదు, నిజమే. అయినా వేరే హక్కుదారులు ఉన్నారని కాగితం మీద తెలిసిన సంస్థ కళ్లు మూసుకుని చెక్కు ఇవ్వదు.

కాబట్టి అదే రోజు ఒక అభ్యంతర పత్రం తయారుచేసి బ్రాంచికి, క్లెయిమ్స్ విభాగానికి రిజిస్టర్డ్ పోస్టులో పంపించాను. ఇంకో కాపీ ఇచ్చి అమ్మాయిని స్వయంగా బ్రాంచికి పంపాను. "పోస్టులో వస్తుంది కదా" అని కౌంటర్లో అన్నారట. ఇన్‌వర్డ్ ముద్ర, తేదీ, సంతకం పడేదాకా అక్కడి నుంచి కదలొద్దని ముందే చెప్పి పంపాను. నాలుగింటికి వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. నీలిరంగు గుండ్రటి ముద్ర, మధ్యలో తేదీ కొంచెం అలుక్కుపోయింది కానీ చదవొచ్చు. తర్వాత కోర్టులో మాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఆ ముద్రే.

పాలసీ బాండు కూడా మొదటి రోజే చూశాను. వివాహిత స్త్రీల ఆస్తి చట్టం 1874, 6వ సెక్షన్ కింద తీసుకున్న పాలసీ అయితే అది భార్యాపిల్లల పేర ట్రస్టు. అలాంటిదైతే ఈ కేసు మొదలుపెట్టే ముందే వేరే దారి వెతుక్కోవాలి. బాండులో ఆ మాట ఎక్కడా లేదు. ఎవరికీ తాకట్టు గానీ, అసైన్‌మెంట్ (పాలసీ హక్కును వేరేవాళ్లకు రాసివ్వడం) గానీ లేదు.

నా మొదటి తప్పు

ఆ అభ్యంతర పత్రంలో నేను రాసిన వాక్యం: "నామినీ విడాకులు పొందిన మాజీ భార్య అయినందున ఆమెకు ఎటువంటి హక్కు లేదు." అమ్మాయి విడాకులు అయ్యాయంది, నేను రాసేశాను. కాగితం చూపించమని అడగలేదు.

పది రోజులకు సంస్థ నుంచి జవాబు వచ్చింది. మర్యాదగా, రెండే వాక్యాలు. విడాకుల డిక్రీ సర్టిఫైడ్ కాపీ గానీ, కోర్టు స్టే ఉత్తర్వు గానీ పదిహేను రోజుల్లో సమర్పించండి, లేని పక్షంలో నామినీ క్లెయిమ్ పరిష్కరిస్తాము.

అప్పుడు ఆ కాగితం వచ్చింది. నాలుగు మడతలు పెట్టిన వంద రూపాయల బాండు పేపరు, ప్లాస్టిక్ కవర్లో. స్టాంపు కొన్నది చనిపోయినాయన పేరు మీద. దస్తావేజులు రాసే మనిషి చేతిరాత, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. "ఈ దినము మొదలు మా ఇద్దరికి ఒకరిపై ఒకరికి ఎటువంటి హక్కులు గాని సంబంధములు గాని లేవు, ఇష్టమొచ్చిన చోట మారు వివాహము చేసుకొనవచ్చును" అని ఉంది. కింద ఆయన సంతకం, ఆమె ఎడమచేతి బొటనవేలి ముద్ర, అయిదుగురు పెద్దమనుషుల సంతకాలు. కోర్టు ఊసు ఎక్కడా లేదు.

మా వైపు ఇలాంటి కాగితాలు ఎన్ని ఇళ్ల బీరువాల్లో ఉన్నాయో లెక్కలేదు. ఊరంతా దాన్ని విడాకులనే అంటుంది, ఆ మాట మీద పెళ్లిళ్లు కూడా అవుతాయి. హిందూ వివాహ చట్టం ప్రకారం మాత్రం కోర్టు డిక్రీ లేకుండా విడాకులు లేవు. 29వ సెక్షన్ ఒక సందు వదిలింది. ఆ కులంలో ఆచారంగా విడాకులు ఇచ్చుకునే పద్ధతి ఉందని రుజువు చేస్తే అది చెల్లుతుంది. రుజువు భారం మాత్రం ఆచారం ఉందన్నవాళ్ల మీదే.

అంటే నేను "మాజీ భార్య" అని రాసిన మనిషి చట్టం దృష్టిలో భార్య అయి ఉండొచ్చు. అదే నిజమైతే, ఆయన చనిపోయాక ఆమె వితంతువు, హిందూ వారసత్వ చట్టంలో మొదటి తరగతి వారసురాలు. కొడుకు, కూతురు, తల్లితో సమానంగా ఆమెకు నాలుగో వంతు. నామినేషన్ సంగతి ఇంకా పక్కనే ఉంది.

నామినీ అంటే సొమ్ము అందుకునే చెయ్యేనా?

ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే చాలామంది జూనియర్లు పాత చట్టమే గుర్తుపెట్టుకుంటారు. 1984లో సుప్రీంకోర్టు సర్బతీదేవి కేసులో, నామినీ వారసుల తరఫున సొమ్ము అందుకునే మనిషి మాత్రమే, సొంతదారు కాదు అంది. ముప్పై ఏళ్లు అదే నడిచింది. 2015 సవరణ తర్వాత 39వ సెక్షన్‌లో ఏడో ఉపసెక్షన్ వచ్చింది. పాలసీదారు తన తల్లిదండ్రులను గానీ, జీవిత భాగస్వామిని గానీ, పిల్లలను గానీ నామినీగా పెడితే, ఆ నామినీయే సొమ్ముకు లబ్ధిదారు అంటుంది.

దాన్ని ఎంతవరకు సాగదీయవచ్చో హైకోర్టుల మధ్య ఏకాభిప్రాయం లేదు. ఈ కేసు ముగిశాక, 2025లో కర్ణాటక హైకోర్టు ఆ సవరణ వారసత్వ చట్టాన్ని దాటిపోదు, వారసులు అడిగితే వాళ్ల వాటా వాళ్లదే అంది. అందుకు భిన్నమైన తీర్పులూ ఉన్నాయి. మేము కేసు వేసేనాటికి ఆ కర్ణాటక తీర్పు కూడా చేతిలో లేదు.

ఆమె పక్షాన ఇంకో వాదన ఉంది, అది నాకు నిద్ర పట్టనివ్వలేదు. సెక్షన్ చెప్పేది భార్యను "నామినేట్ చేస్తే" అని. నామినేట్ చేసిన రోజున ఆమె నిస్సందేహంగా భార్యే. కాబట్టి తర్వాత విడాకులైనా ఆ హక్కు పోదనొచ్చు. విడాకులతో నామినేషన్ దానంతటదే రద్దవుతుందని మన బీమా చట్టంలో ఎక్కడా లేదు. అంటే మేము ఆచార విడాకులు రుజువు చేసి గెలిచినా, ఈ వాదన దగ్గర ఓడిపోవచ్చు.

ఆ రాత్రి కాగితం మీద గీసుకున్నది ఇది: మాకు పూర్తిగా కలిసొస్తే పన్నెండు లక్షల నలభై వేలు, ఎందుకంటే బోనసుతో కలిపి పాలసీ సొమ్ము అంత అయింది. పూర్తిగా ఎదురుతిరిగితే సున్నా. ఆమెకూ అదే లెక్క, తలకిందులుగా.

రెండో తప్పు: అడగని పాసుబుక్కు

దావా తయారుచేస్తుండగా నానమ్మ మొదటిసారి ఆఫీసుకు వచ్చింది. మాటల్లో మాటగా, "పంటల సారు వచ్చి కాయితాలు అడిగిండు బిడ్డా, నాకేం ఎరుక" అంది. పంటల సారంటే ఏఈఓ, వ్యవసాయ విస్తరణ అధికారి. నా గుండె జారింది.

రెండున్నర ఎకరాల పట్టాదారు. 59 ఏళ్ల లోపు. రైతుబీమా ఉంటుంది. 2018 ఆగస్టులో మొదలైనప్పటి నుంచి ఆ పథకం కింద చావుకు కారణం ఏదైనా అయిదు లక్షలు నేరుగా నామినీ ఖాతాలో పడతాయి, అదీ రోజుల్లోనే. 2018లో ఫారం నింపినప్పుడు ఇంట్లో ఉన్నది చిన్నమ్మ. నామినీ ఆమే. ఆమె ఆధార్, బ్యాంకు పాసుబుక్కు ఇచ్చింది, డబ్బు పడిపోయింది. వ్యవసాయ శాఖ వాళ్ల తప్పేమీ లేదు, రికార్డులో ఉన్న పేరుకు ఇచ్చారు.

మొదటి రోజే నేను "పొలం ఉందా?" అని అడిగి ఉంటే ఆ పూటే మండల వ్యవసాయాధికారికి కూడా అభ్యంతరం ఇచ్చేవాళ్లం. అడిగాను కూడా, కానీ వేరే ఉద్దేశంతో, ఎన్ని ఎకరాలు అని మాత్రమే. పెద్ద పాలసీ మీద కళ్లు పెట్టి పక్కన ఉన్నది చూడలేదు. అమ్మాయికి ఫోన్‌లో చెప్పలేక, రమ్మని ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నాకు గుడ యాదికి రాలే సార్" అంది.

ప్రయత్నించినవి, పనిచేయనివి

మొదటిది వీలునామా. నామినేషన్‌ను వీలునామా ద్వారా కూడా మార్చుకోవచ్చని అదే 39వ సెక్షన్ చెబుతుంది, కాబట్టి ఆయన కాగితాలన్నీ తెమ్మన్నాను. కూలీల హాజరు లెక్కలు రాసుకునే నోటుబుక్కులో ఒక పేజీ దొరికింది: "బీమ పైసలు పిల్లలకే". కింద సంతకం, తేదీ లేదు. భారత వారసత్వ చట్టం 1925, 63వ సెక్షన్ ప్రకారం ఇద్దరు సాక్షులు సంతకం చేయకపోతే అది వీలునామా కాదు. వాళ్ల మేనమామ కుర్చీ ముందుకు జరిపి, "సాక్షులే కదా సార్, ఇద్దరం ఉన్నం, గిప్పుడు పెడ్తం" అన్నాడు. ఆ మాట ఇంకోసారి అంటే ఫైలు తిరిగిచ్చేస్తానని చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, చెల్లెలి పిల్లల కోసం తాపత్రయం. కానీ అలా తయారైన కాగితం క్రాస్ ఎగ్జామినేషన్‌లో అయిదు నిమిషాలు నిలవదు, నిలవకపోవడమే కాదు, పిల్లల మీద ఫోర్జరీ మచ్చ పడుతుంది. ఆ పేజీని అలాగే ఉంచాం.

రెండోది అంబుడ్స్‌మన్. ఎవరో చెప్పారని అమ్మాయి హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాస్తానంది. నేను వద్దన్నాను. ఫీజు లేదు, మంచి వ్యవస్థే, కానీ అది సంస్థ క్లెయిమ్ ఎగ్గొట్టినప్పుడో ఆలస్యం చేసినప్పుడో పనికొస్తుంది. ఇక్కడ సంస్థ డబ్బు ఇవ్వనంటం లేదు, ఎవరికివ్వాలో తెలియక చూస్తోంది. పెళ్లి నిలిచి ఉందా లేదా అన్నది సాక్షులను విచారించి తేల్చాల్సిన విషయం.

మూడోది ఆచారం. ఇదే నేను ఎక్కువ ఆశ పెట్టుకున్న దారి. బాండు మీద సంతకం పెట్టిన అయిదుగురిలో ఇద్దరిని పిలిపించాను. ఒకాయన ఎనభైకి దగ్గర, పంచాయితీల్లో పెద్దరికం చేసినాయన. మీ కులంలో విడాకుల పద్ధతి ఏమిటని అడిగాను.

"పద్ధతేముంది సార్. ఇద్దరిని కూసోబెట్టి మాట్లాడ్తం."

ఎప్పుడూ ఇలాగే కాగితం రాస్తారా?

"ఒకపారి రాస్తం, ఒకపారి మాట మీదనే."

ఆడపిల్లకు డబ్బు ఇవ్వాలనే కట్టుబాటు ఉందా?

"మనిషిని బట్టి. ఎట్ల తెగుతె అట్ల."

రెండో ఆయన్ని వేరుగా అడిగితే ఇంకోలా చెప్పాడు. ఇద్దరూ అబద్ధం ఆడలేదు. కోర్టు అడిగే ఆచారం చాలాకాలంగా, ఎడతెగకుండా, ఒకే రీతిలో నడిచినదై ఉండాలి. "ఎట్ల తెగుతె అట్ల" అన్నది ఆచారం కాదు, రాజీ. ఈ ఇద్దరినీ బోనెక్కిస్తే ఎదుటి వకీలు నేనడిగిన మూడు ప్రశ్నలే అడుగుతాడు. దావాలో ఆచారాన్ని ప్రత్యామ్నాయ వాదనగా రాశాను కానీ దాని మీద బరువు వేయడం ఆ రోజుతో మానేశాను.

అలాగని బాండు పేపరు చిత్తుకాగితం కాదు. విడాకులుగా చెల్లకపోయినా, ఆమె డబ్బు పుచ్చుకుని "హక్కులు లేవు" అని ఒప్పుకున్న రాత అది. బతికున్న మనిషి ఆస్తిలో ముందుముందు రాబోయే వారసత్వాన్ని వదులుకుంటున్నానని రాసినా మామూలుగా అది చెల్లదు. అయితే బదులుగా సొమ్ము తీసుకుని, ఇప్పుడు అడ్డం తిరగడం కుదరదనే ఎస్టాపెల్ వాదనకు చోటుంది. గెలిపిస్తుందని చెప్పలేను, ఎదుటి పక్షాన్ని మాటలకు కూర్చోబెడుతుంది.

దావా

సక్సెషన్ సర్టిఫికెట్ (కోర్టు ఇచ్చే వారసత్వ ధ్రువపత్రం) అడగాలా, దావా వేయాలా అన్నది తర్వాతి నిర్ణయం. మామూలుగా అయితే సర్టిఫికెట్టే. త్వరగా అవుతుంది, సంస్థకూ ఇబ్బంది ఉండదు. కానీ అది క్లుప్త విచారణ, హక్కును చివరికంటా తేల్చదు. పైగా ఆమె ఖాతాలో పడిపోయిన అయిదు లక్షలను సర్టిఫికెట్ తాకలేదు. రెండు సొమ్ములనూ ఒకే చోట లెక్కలోకి తేవాలంటే దావాయే దారి. కోర్టు ఫీజు ఎక్కువవుతుందని ముందే చెప్పి, అమ్మాయి ఒప్పుకున్నాకే వేశాను. కూతురు, నానమ్మ వాదులు. మైనర్ తమ్ముడు అక్క సంరక్షణలో మూడో వాది. చిన్నమ్మ, బీమా సంస్థ ప్రతివాదులు.

ప్రార్థన, అంటే దావాలో కోర్టును కోరేది, రాసేటప్పుడే పంతం తగ్గించాను. మొదటి వరుసలో మొత్తం సొమ్ము ముగ్గురిదేనని, ప్రత్యామ్నాయంగా కోర్టు ఆమెను వితంతువుగా భావిస్తే రెండు సొమ్ములూ కలిపి నాలుగు సమాన వాటాలు చేయాలని. "మనమే ఆమెకు వాటా ఉందని రాస్తమా?" అని అమ్మాయికి కోపం వచ్చింది. మొత్తం ఒక్కదాని మీదే ఆడితే మొత్తం పోవచ్చని చెప్పడానికి గంట పట్టింది.

ఇంకో విషయం దాచకుండా రాశాను. నా దగ్గరికి రాకముందే అమ్మాయి మీసేవలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు పెట్టుకుంది, అందులో ముగ్గురి పేర్లే ఇచ్చింది. అది వాడుకుని ఊరుకుంటే, వాస్తవం దాచారని రేపు వాళ్లే అంటారు. చిన్నమ్మ సంగతి, బాండు సంగతి మొత్తం దావాలో మేమే చెప్పాం.

చిన్నమ్మ తరఫువాళ్లు అప్పటికే సివిల్ ప్రొసీజర్ కోడ్ 148ఏ కింద కేవియట్ (తమ మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దనే ముందస్తు అర్జీ) వేసి ఉన్నారు, అందుకని మొదటి రోజే ఏకపక్షంగా స్టే రాలేదు. సంస్థ ఇచ్చిన పదిహేను రోజుల గడువు తీరడానికి నాలుగు రోజులుంది. మరుసటి వాయిదాకు వాళ్లు కౌంటర్‌తో (రాతపూర్వక జవాబుతో) పాటు ఆహార భద్రత కార్డు జిరాక్సు పెట్టారు. అందులో భార్యగా ఆమె పేరు చెక్కుచెదరకుండా ఉంది. 2021 తర్వాత కూడా ఆమె కోటా బియ్యం ఈ ఇంటికే వచ్చాయి. పేరు తీయిస్తే బియ్యం తగ్గుతాయని ఎవరూ తీయించలేదు. ఆరు కిలోల బియ్యం అని నవ్వుకోవచ్చు, కానీ నా "మాజీ" అనే మాటకు అదొక గట్టి దెబ్బ.

ఆ రోజు మమ్మల్ని కాపాడింది సంస్థ తరఫు వకీలు. అభ్యంతరం ఫలానా తేదీనే అందిందని, ఇన్‌వర్డ్ ముద్ర తమదేనని ఒప్పుకుని, పోటీ క్లెయిములున్నాయి కాబట్టి బీమా చట్టం 47వ సెక్షన్ ప్రకారం సొమ్ము కోర్టులో జమ చేయడానికి సిద్ధమని మెమో వేశాడు. సంస్థకు కావాల్సింది చెల్లింపు రశీదు, పంచాయితీ కాదు. కోర్టు ఒప్పుకుంది. పన్నెండు లక్షల నలభై వేలు కోర్టు పేర ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోకి వెళ్లాయి. అప్పటిదాకా ఉన్న టెన్షన్ సగానికి సగం తగ్గింది. ఇక ఎవరూ ఎవరికంటే ముందు పరుగెత్తాల్సిన పని లేదు.

పనిచేసింది

సొమ్ము ఆగాక రెండు పక్షాలకూ ఓపిక వచ్చింది. ఇష్యూలు (కోర్టు తేల్చాల్సిన అంశాలు) ఖరారయ్యాక నేనే ఎదుటి వకీలును క్యాంటీన్‌లో పట్టుకున్నాను. నా లెక్క దాచలేదు. పాలసీ 12,40,000, రైతుబీమా 5,00,000, మొత్తం 17,40,000. ఆమెను వితంతువుగా ఒప్పుకుంటే నాలుగో వంతు 4,35,000. ఆమె దగ్గర ఇప్పటికే అయిదు లక్షలున్నాయి. అవి ఉంచుకుని పాలసీ మీద హక్కు వదిలేస్తే ఆమెకు చట్టప్రకారం వచ్చే వాటా కంటే అరవై ఐదు వేలు ఎక్కువే. నా నిర్లక్ష్యంతో చేజారిన అయిదు లక్షలే రాజీకి పునాది అయ్యాయి. ఇందులో నా తెలివి ఏమీ లేదు.

ఎదుటి వకీలు మూడు వారాలు తీసుకున్నాడు. ఆ డబ్బులో చాలావరకు ఆమె అన్న అప్పులకు పోయిందని, తిరిగి కట్టమంటే కట్టలేదని తర్వాత తెలిసింది.

జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో లోక్ అదాలత్‌కు ముందస్తు సిట్టింగ్ పెట్టారు. అమ్మాయి అరవై ఐదు వేల దగ్గర పట్టుబట్టింది. డబ్బు కంటే, ఆ మనిషికి ఎక్కువ పోవడం ఆమెకు మింగుడుపడలేదు. చిన్నమ్మ చాలాసేపు తల దించుకుని కూర్చుని, ఒక్కసారి అత్త వైపు చూసి, "నీకు కన్నాపరేషన్ అయినప్పుడు నెల దినాలు చుక్కల మందు ఏసింది నేనే కదా అత్తా" అంది. ముసలామె కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత మనవరాలి వైపు తిరిగి, "ఆ అరవై ఐదు వేలు నా పాలు లెక్కల రాసుకో బిడ్డా, నాకెందుకు పైసలు" అంది. ఆ గదిలో చట్టం తెలిసినవాళ్లం నలుగురం ఉన్నాం. కేసును కదిపింది మాత్రం ఆ మాటే.

కాగితం మీద పెట్టేటప్పుడు నేను నానమ్మ వాటా తగ్గించలేదు. భావోద్వేగంలో అన్న మాటను డెబ్బై దాటిన మనిషి వాటా కోసేందుకు వాడకూడదని అమ్మాయికి నచ్చజెప్పాను. ముగ్గురికీ సమానంగా, తలా 4,13,333 రూపాయలు, దాని మీద వడ్డీ.

మైనర్ ఉన్న రాజీ కాబట్టి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 32, రూల్ 7 కింద కోర్టు అనుమతి కావాలి. ఇది మరిచిపోతే తర్వాత ఆ కుర్రాడు మేజర్ అయ్యాక రాజీని కొట్టేయమనొచ్చు. సంరక్షకురాలైన అక్క కూడా లబ్ధిదారే కాబట్టి జడ్జిగారు తమ్ముడి వాటా అక్క వాటా కంటే పైసా తగ్గలేదని చూసుకుని, అతని సొమ్ము 18 ఏళ్లు నిండేదాకా జాతీయ బ్యాంకులో డిపాజిట్‌గా ఉంచమన్నారు. అక్క ఫీజుల కోసం కొంత ఇప్పుడే అడిగింది, వడ్డీ మాత్రం తీసుకోవచ్చన్నారు. లోక్ అదాలత్ అవార్డు అయింది. దాని మీద అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు వాపసు వచ్చింది. డబ్బు చేతికందడానికి ఇంకో నెల పట్టింది, కుర్రాడి పేరులో ఆధార్‌కూ పదో తరగతి మెమోకూ ఒక అక్షరం తేడా ఉండటం వల్ల.

అప్పటి నుంచి నా ఆఫీసులో

ఎవరైనా "విడాకులైనయి" అంటే, కాగితం బల్ల మీద పెట్టేదాకా నోటీసులో ఆ మాట రాయను. "రికార్డులో ఉన్న నామినీ", "విడిగా ఉంటున్న భార్య" అని రాస్తాను. చనిపోయిన మనిషి గురించి అడిగే మొదటి ప్రశ్నల్లో పట్టాదారు పాసుబుక్కు చేరింది, దాని వెంటే ఉద్యోగం చేసేవాడైతే పీఎఫ్ కింది బీమా, బ్యాంకు ఖాతా నుంచి ఏటా కట్ అయ్యే 436 రూపాయల జీవనజ్యోతి. ఒక్కో దానికి నామినీ వేరుగా ఉంటారు, ఒక్కో దానికి విడిగా అభ్యంతరం వెళ్లాలి. పంచాయితీలో విడిపోయిన వాళ్లు ఏ పని మీద వచ్చినా, పరస్పర అంగీకార పిటిషన్ వేసుకోండి, ఆ రోజే పాలసీలన్నిటిలో నామినీ మార్పించండి అని చెప్పి పంపుతాను. సగం మంది వింటారు. ఏటా ఆగస్టు ముందు ఏఈఓలు రైతుబీమా వివరాలు సరిచూసేటప్పుడు నామినీ పేరు ఒక్కసారి చదివించుకోండని కూడా.

పెళ్లి నిలిచి ఉందా లేదా అన్నది చివరికి కోర్టు తేల్చలేదు. అవార్డులో ఆ మాటే రాకుండా ఇద్దరు వకీళ్లం జాగ్రత్తపడ్డాం.

అవార్డు వచ్చిన రెండు నెలలకు అమ్మాయి ఫోన్ చేసింది. చిన్నమ్మ వితంతు పింఛనుకు పెట్టుకుంటుందట, నాయిన మరణ ధ్రువపత్రం కాపీ అడిగిందట.

"ఇయ్యాల్నా సార్?"

నువ్వు ఇవ్వకపోయినా గ్రామపంచాయతీలో తెచ్చుకుంటుంది, ఇవ్వడం ఇవ్వకపోవడం నీ ఇష్టం అన్నాను. అటువైపు కాసేపు చప్పుడు లేదు. "ఉన్న రెండిట్ల ఒకటి ఇచ్చొస్త తియ్యి" అంది.